ఎక్కిళ్ళు ఆగాయి, గొంతు మాత్రం బొంగురుగానే ఉంది: పద్యం పాడేవాళ్ళు ఏం చెయ్యాలి?

హార్మోనియం_బ్రాడీపేట
మా దగ్గర పద్యనాటకాలు నేర్చుకునే ఒకాయన గురించి అడుగుతున్నా. యాభై దాటిన మనిషి. సిగరెట్టు, మందు అలవాట్లు లేవు. షుగర్ కాస్త ఉంది. నడుం నొప్పికి మందులు వాడుతుండగా ఎక్కిళ్ళు పట్టుకుని నాలుగు రోజులు వదల్లేదు. నిమిషానికి ఇరవై దాకా వచ్చేవి. డాక్టరు ఏదో మాత్ర రాస్తే ఆగాయి. అవి ఆగి వారం దాటినా గొంతు బొంగురు పోలేదు. మధ్యస్థాయి ఫర్వాలేదు, తారషడ్జం (పైస్థాయి 'స') దగ్గరికి వెళ్ళేసరికి చీలిపోతోంది. గొంతులో ఉండ అడ్డం పడ్డట్టుందని మాటిమాటికీ సవరించుకుంటున్నారు.
ఎక్కిళ్ళకి స్వరపేటిక దెబ్బతింటుందా? పాట ఎప్పుడు మొదలుపెట్టొచ్చు? శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో వేషం ఉంది. ఒప్పుకోమనాలా, వద్దనాలా?

కృష్ణలంక_కుర్రాడు
నాలుగు రోజులు ఆపకుండా తలుచుకున్నారంటే అప్పిచ్చినవాళ్ళే సార్.

అరండల్‌పేట_అమ్మాజీ
అడ్వాన్సు ఇచ్చిన కమిటీ వాళ్ళేమో. "నువ్వేదో దొంగతనం చేశావంట" అని అడిగి చూశారా? మా వైపు పిల్లలకి ఇదే మందు.

పటమట_లెక్కలు
నిమిషానికి 20 అంటే గంటకి 1,200. మెలకువగా ఉండే 16 గంటలకి 19,200. నాలుగు రోజులకి 76,800. గొంతు ఇన్నిసార్లు టపటపా మూసుకుంటే ఇంకేం మిగులుతుంది?

ఈఎన్టీ_సూర్యారావుపేట
లెక్క కరెక్టే గానీ, దాన్నుంచి అంత భయపడక్కర్లేదు.
ఎక్కిలి ఎలా పుడుతుందంటే, పొట్టకీ ఛాతీకీ మధ్య అడ్డంగా ఉండే డయాఫ్రం కండరం ఉన్నట్టుండి కిందికి గుంజుకుంటుంది. పక్కటెముకల మధ్య కండరాలు కూడా దాంతో కలిసి బిగుస్తాయి. గాలి లోపలికి దూసుకొస్తుంది. సుమారు 35 మిల్లీసెకన్లలో స్వరతంత్రులు రెండూ గాలికి తలుపు పడ్డట్టు ఠక్కున మూసుకుంటాయి. ఆ చప్పుడే "హిక్". పుట్టేది కిందే అయినా మోగేది గొంతులో.
ఇక పటమట గారి లెక్క. మగవాళ్ళు మామూలుగా మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకి ఇంచుమించు 120 సార్లు కలిసి విడిపోతుంటాయి. 19,200ని 120తో భాగించండి, 160 వస్తుంది. అంటే రోజంతా ఎక్కిళ్ళతో ఎన్నిసార్లు మూసుకున్నాయో, రెండు నిమిషాల నలభై సెకన్లు మాట్లాడితే అన్నిసార్లూ మూసుకుంటాయి. కాబట్టి ఎక్కిలి చప్పుడు ఒక్కటే గొంతు పాడు చేసిందంటే నేను ఒప్పుకోను. దాంతోపాటు వచ్చినవేమిటో చూడాలి. కడుపులోంచి పైకొచ్చే ఆసిడ్, నిద్రలేమి, నోరెండిపోవడం, ఎక్కిలికీ ఎక్కిలికీ మధ్య బలవంతంగా మాట్లాడటం, గొంతు సవరింపు. నా అనుమానం ముందు ఆసిడ్ మీదే.

స్వరచికిత్స_లబ్బీపేట
డాక్టరు గారి భాగహారం బావుంది, కానీ రెండు తాకిళ్ళూ ఒకటి కావు. మాట్లాడేటప్పుడు గాలి కిందనుంచి పైకి వస్తుంది, తంత్రుల అంచులు అలలా మెత్తగా కలుస్తాయి. ఎక్కిలిలో గాలి పైనుంచి లోపలికి వెళ్తుంటే మధ్యలో బిగదీసి మూసేస్తాయి. పైగా మనిషి మాట మధ్యలో ఉండగా అది వచ్చిందనుకోండి, తర్వాతి మాటని మెడ కండరాలు బిగబట్టి బయటికి నెడతాడు. నాలుగు రోజులు అలా మాట్లాడితే ఎక్కిళ్ళు పోయినా ఆ బిగింపు అలవాటుగా ఉండిపోతుంది. మా దగ్గరికొచ్చే బొంగురు గొంతుల్లో ఇదే ఎక్కువ. ప్రతిదానికీ ఆసిడ్ అని గ్యాస్ మాత్ర రాసి పంపెయ్యడం కూడా ఒక ఫ్యాషన్ అయిపోయింది.
హార్మోనియం గారూ, ఒక్కటి చూసి చెప్పండి. ఆయన్ని ఆవులిస్తూ "హా..." అని వదలమనండి. ఆ ఆవులింతలో గొంతు తేటగా వచ్చి, మామూలు మాటలో బొంగురుగా ఉంటే కండరాల బిగింపుని ముందు అనుమానించాలి. రెండింట్లోనూ బొంగురే ఉంటే తంత్రుల మీద వాపో, ఇంకేదో ఉండొచ్చు. ఇది రోగనిర్ధారణేం కాదు, దారి చూపించడానికి పనికొస్తుంది, అంతే.

మందులచీటీ_కొత్తపేట
గొంతు సంగతి తర్వాత. నడుం నొప్పి చీటీలో ఏమేం ఉన్నాయి? ఎక్కిళ్ళు మందు మొదలెట్టిన ఎన్నో రోజున వచ్చాయి?

హార్మోనియం_బ్రాడీపేట
చీటీ ఫొటో తెప్పించా. డెక్సామెథసోన్ ఐదు రోజులకి, డైక్లోఫెనాక్ రెండు పూటలా, రాత్రికి కండరాల బిగుతు తగ్గించే మాత్ర. పరగడుపున పాంటొప్రజోల్ కూడా రాశారు గానీ "గ్యాస్ నాకెందుకు" అని అది కొనలేదట. ఎక్కిళ్ళు రెండో రోజు సాయంత్రం మొదలయ్యాయి. ఆవులించి "హా" అంటే కొంచెం మెరుగ్గానే ఉంది, పూర్తి తేట కాదు.

మందులచీటీ_కొత్తపేట
సగం జవాబు ఇక్కడే దొరికింది.
స్టెరాయిడ్లకి ఎక్కిళ్ళు తెలిసిన దుష్ప్రభావమే. వాటిలోనూ డెక్సామెథసోన్‌కి మరీ. మగవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది. మందు మొదలెట్టిన ఒకటి రెండు రోజుల్లో వస్తుంది, ఆపేశాక పోతుంది. స్టెరాయిడ్ తప్పనిసరైతే డాక్టర్లు దాని బదులు ప్రెడ్నిసలోన్ జాతి మందుకి మారుస్తారు, చాలామందికి దాంతోనే సర్దుకుంటుంది. మాత్ర మీరే ఆపెయ్యకండి. ఐదు రోజుల కోర్సు సంగతి వేరు. వారాల తరబడి వాడినవాళ్ళు ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి ప్రమాదం.
స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ రెండూ కలిస్తే కడుపుకి మంట, పుండు. అందుకే ఆ గ్యాస్ మాత్ర రాశారు, అది అలంకారానికి కాదు. ఎక్కిలి వచ్చినప్పుడల్లా అన్నవాహిక చివర ఉండే బిగువు సడలి కడుపులోది పైకి తన్నే అవకాశం ఉంది. ఆసిడ్ వల్ల ఎక్కిళ్ళు, ఎక్కిళ్ళ వల్ల ఆసిడ్. ఇందులో ఏది ముందో తేల్చడం కష్టం.
షుగర్ ఉందన్నారు కాబట్టి ఇంకో మాట. స్టెరాయిడ్‌తో షుగర్ అమాంతం పెరుగుతుంది. ఒకసారి చూపించుకోమనండి. అది బాగా పెరిగితే నోరెండుతుంది, ఎక్కిళ్ళు కూడా రావచ్చు.

యార్డు_తేజ
మిర్చి యార్డులో ఎక్కిళ్ళు చూడాలంటే సీజన్లో రండి. తేజ రకం మిర్చి కారం పచ్చిగా నాలుక మీద వేసుకుంటే కొందరికి మొదటి ముద్దకే ఎక్కిలి. మిర్చి బజ్జీ తిని పైన గోళీసోడా కొడితే ఇక చెప్పక్కర్లేదు.

ఈఎన్టీ_సూర్యారావుపేట
ఆ రెండిటికీ కారణాలు వేరు యార్డు గారూ. మిరపలోని కాప్సైసిన్ గొంతు, అన్నవాహికలో నరాల కొసల్ని రేపుతుంది. సోడా కడుపుని ఉబ్బించి డయాఫ్రాన్ని కిందనుంచి నొక్కుతుంది. ఎక్కిలికి కబురు తీసుకెళ్ళేవి వేగస్, ఫ్రెనిక్ నరాలు, ఛాతీలోని సింపథెటిక్ నరాలు. మెదడు కాండం నుంచి ఆజ్ఞ వస్తే ఫ్రెనిక్ నరం డయాఫ్రాన్ని గుంజుతుంది, రికరెంట్ లారింజియల్ నరం స్వరతంత్రుల్ని మూస్తుంది. ఈ దారిలో ఎక్కడ గిల్లినా ఎక్కిలే. చెవిలో కర్ణభేరికి వెంట్రుక తగులుతున్నా రావచ్చు, అక్కడికీ వేగస్ కొమ్మ ఒకటి వెళ్తుంది. అందుకే రోజుల తరబడి ఎక్కిళ్ళంటే మేం ముందు చెవిలో లైటేసి చూస్తాం. పైసా ఖర్చు లేని పరీక్ష. తీరా చూస్తే గులిమి, వెంట్రుక, అప్పుడప్పుడు చీమ.
మిర్చి దుమ్ము పీల్చి గొంతు పట్టెయ్యడం మాత్రం ఎక్కిలి కాదు. దానికి మాస్కే మందు. భుజం మీది తువ్వాలు చుట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు, ఎన్95 పెట్టుకోండి.

మూలిక_సత్యనారాయణపురం
ఇంగ్లీషు మందులకి ముందే మనవాళ్ళు హిక్కని అయిదు రకాలుగా చెప్పారు. అన్నజ, యమల, క్షుద్ర, గంభీర, మహతి. గబగబా తింటే వచ్చేది అన్నజ, దానంతటదే పోతుంది. గంభీర, మహతి వచ్చాయంటే ప్రాణం మీదికేనని కూడా వాళ్ళే రాశారు. నెమలిపింఛం భస్మం తేనెలో నాకిస్తే సాధారణ హిక్క ఇట్టే ఆగుతుంది.

మందులచీటీ_కొత్తపేట
ఆ విభజన బావుంది. ఏది పట్టించుకోనక్కర్లేదు, ఏది ప్రమాదం అని అప్పుడే విడదీశారు. భస్మంతోనే నా పేచీ. మామూలు ఎక్కిళ్ళు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. ఆగే ముందు ఏం చేస్తే అదే మందనిపిస్తుంది. నీళ్ళు తాగితే నీళ్ళు, భయపెడితే భయం, భస్మం నాకితే భస్మం. అందుకే ఎక్కిళ్ళ చిట్కాలకి ఊరూరా సాక్షులుంటారు.

మూలిక_సత్యనారాయణపురం
పొడి చక్కెర మింగితే ఎక్కిళ్ళు ఆగుతాయని మీ ఇంగ్లీషు వైద్యులు చెప్పే చిట్కాకీ అదే వర్తిస్తుంది మరి.

మందులచీటీ_కొత్తపేట
వర్తిస్తుంది, కాదనను. కాకపోతే పొడి చక్కెర ఒక చెంచా నీళ్ళు లేకుండా మింగించడం గురించి 1971లో ఒక అమెరికా వైద్యపత్రికలో వచ్చింది. 20 మందిలో 19 మందికి ఆగాయి, వాళ్ళలో కొందరివి మామూలువి కావు, గంటల తరబడి వేధించినవి. నెమలిపింఛానికి అలాంటి లెక్క ఉంటే పెట్టండి, చదువుతాను.

క్విజ్_గవర్నరుపేట
ఎక్కిళ్ళ రికార్డు అమెరికాలో అయోవా రాష్ట్రపు చార్లెస్ ఆస్బోర్న్‌ది. 1922లో పందిని తూకం వెయ్యబోతుంటే మొదలై 1990 దాకా, 68 ఏళ్ళు. మధ్యలో పెళ్ళి, పిల్లలు అన్నీ జరిగాయి.
ఇంకోటి. 1988లో ఫ్రాన్సిస్ ఫెస్మైర్ అనే అమెరికా డాక్టరు మలద్వారంలో వేలితో మర్దన చేసి మొండి ఎక్కిళ్ళు ఆపినట్టు రాశాడు. 2006లో దానికి ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి) ఇచ్చారు. జోకు కాదు, అక్కడ కూడా వేగస్ నరమే లెక్క.

కృష్ణలంక_కుర్రాడు
ఈ వైద్యం పేరు చెబితే చాలు, చేసే పని లేకుండానే సగం మందికి ఆగిపోతాయి.

వార్డు_సిస్టర్_గుంటూరు
ఇంట్లో చెయ్యదగ్గవి, చెయ్యకూడనివి సరిగ్గా చెప్తాను. అందరూ సగం సగం చేసి పని చెయ్యట్లేదంటారు.
అన్నిటికంటే నమ్మకమైనది ఊపిరి బిగబట్టడం. ఊరికే బిగబడితే చాలదు. ముందు లోపలున్న గాలంతా వదిలెయ్యాలి. నిండా పీల్చి 10 సెకన్లు ఆపాలి. వదలకుండానే దాని మీద ఇంకొంచెం పీల్చి 5 సెకన్లు, ఇంకా కాస్త పీల్చి మరో 5 సెకన్లు. అప్పుడు నెమ్మదిగా వదలాలి. చాలామంది మొదటి పది సెకన్లకే ఊది వదిలేస్తారు. డయాఫ్రం పూర్తిగా సాగి బిగిసి ఉండాలి, అప్పుడే దాని గుంజుడు ఆగుతుంది. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళు, గర్భిణులు దీని జోలికి పోవద్దు.
రెండోది, గట్టిగా పీల్చి మింగడం. టెక్సస్ వాళ్ళు ఒక గట్టి స్ట్రాలాంటి పరికరం చేశారు. కొసన సన్న కవాటం ఉంటుంది, నీళ్ళు పైకి రావాలంటే బలంగా లాగాలి. లాగేటప్పుడు డయాఫ్రం, మింగేటప్పుడు గొంతు, రెండూ పనిలో పడతాయి. 2021లో 249 మందిని అడిగితే 92 శాతం సార్లు ఆగాయన్నారు. వాడినవాళ్ళు చెప్పిన మాటే లెండి, ఆసుపత్రిలో కొలిచింది కాదు. ఇంట్లో అయితే మామూలు స్ట్రాతో, రెండు చెవులూ వేళ్ళతో మూసుకుని, ఆపకుండా గ్లాసు చల్లటి నీళ్ళు గుటకలు వెయ్యండి. స్ట్రా, గ్లాసు పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి, అదే ఇందులో తంటా.
చక్కెర షుగర్ వాళ్ళకి వద్దు. కళ్ళ మీద వేళ్ళతో నొక్కడం మానెయ్యండి, రెటీనాకి ప్రమాదం. మెడ పక్కన రక్తనాళం రుద్దడం పెద్దవాళ్ళలో పక్షవాతం తెచ్చిపెట్టొచ్చు, అది డాక్టరు చెయ్యాల్సిన పని. ప్లాస్టిక్ కవరు మూతికి పెట్టడం అసలొద్దు. మింగేటప్పుడు పొలమారే మనిషికి నీళ్ళ చిట్కాలేవీ చెయ్యకండి.

అరండల్‌పేట_అమ్మాజీ
దొంగతనం చిట్కా నిషేధ జాబితాలో లేదు, గమనించండి.

వార్డు_సిస్టర్_గుంటూరు
గుండెజబ్బు ఉన్నవాళ్ళని భయపెట్టకండి, మిగతావాళ్ళు మీ ఇష్టం.
ఇంకో విషయం. మెడకి గొట్టం పెట్టిన రోగులకి ఎక్కిలి వస్తే చప్పుడు ఉండదు. గాలి స్వరతంత్రుల దాకా రాకుండా గొట్టంలోంచే వెళ్తుంది. ఛాతీ మాత్రం ఎగిరి పడుతుంటుంది. చూసినవాళ్ళు వెంటిలేటర్‌తో పోట్లాడుతున్నాడనుకుంటారు.

పటమట_లెక్కలు
సిస్టర్ గారూ, ఎన్ని గంటలు చూసి ఆసుపత్రికి వెళ్ళాలి?

వార్డు_సిస్టర్_గుంటూరు
48 గంటలు దాటితే మొండివి, నెల దాటితే మహామొండివి అంటారు. 48 గంటలు దాటినవాటికి కారణం వెతకాలి. సోడియం, కాల్షియం, క్రియాటినిన్, షుగర్, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే మొదట. కిడ్నీ దెబ్బతిని రక్తంలో యూరియా పెరిగినా, సోడియం పడిపోయినా ఎక్కిళ్ళే మొదటి కబురు కావచ్చు. జ్వరం, కుడి డొక్కలో నొప్పి కూడా ఉంటే పొట్ట స్కాన్ తీసి కాలేయంలో చీముగడ్డ ఉందేమో చూస్తారు.
కొన్నిటికి గంటలు కూడా ఆగకూడదు. ఎక్కిళ్ళతోపాటు తల గిర్రున తిరగడం, ఒకటి రెండుగా కనపడటం, మింగుడు పడకపోవడం, ఒకవైపు మొహం మొద్దుబారడం, నడిస్తే పక్కకి ఒరిగిపోవడం ఉంటే మెదడు వెనక భాగంలో పక్షవాతం కావచ్చు. మాట, చెయ్యి బాగానే ఉన్నాయి కదా అని ఇంట్లో ఉంచేస్తారు, అక్కడే మోసపోతారు. వెంటనే 108. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మొదటి నాలుగున్నర గంటలే సమయం. గుండెలో బరువు, చెమటలు ఉన్నా అంతే, గుండె కింది గోడకి పోటు వచ్చినప్పుడు ఎక్కిళ్ళు రావచ్చు.
రోజుల తరబడి ఎక్కిళ్ళు, వాంతులు వచ్చి పోయాక చూపు మందగించడమో, కాళ్ళు బలహీనపడటమో జరిగితే నరాల డాక్టరుకి ఎక్కిళ్ళ సంగతి కూడా తప్పకుండా చెప్పండి. కంటినరాన్నీ వెన్నుపామునీ దెబ్బతీసే న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే జబ్బు కొందరిలో అలా మొదలవుతుంది. కడుపు డాక్టరుకి ఒక ముక్క, కళ్ళ డాక్టరుకి ఇంకో ముక్క చెబితే ఎవరికీ అందదు.

హార్మోనియం_బ్రాడీపేట
ఈ లక్షణాలేవీ లేవు, అడిగి చూశాను. షుగర్ పరీక్ష రేపు చేయిస్తాం. ఇక గొంతు విషయానికి రండి. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నారు, వేపరబ్ వేసి ఆవిరి పడుతున్నారు. రిహార్సల్‌కి వచ్చి గుసగుసగా పద్యం చెబుతున్నారు.

స్వరచికిత్స_లబ్బీపేట
గుసగుస ముందు మానిపించండి! గుసగుసలాడితే గొంతుకి విశ్రాంతి అనుకుంటారు, చాలామంది దానికీ మెడ బిగబడతారు. మెల్లగా, మామూలు గొంతుతో, పక్కన కూర్చున్న మనిషికి వినపడేంత మాట్లాడితే చాలు.
పుక్కిలించే నీళ్ళు స్వరతంత్రుల దాకా చేరవు. చేరితే దగ్గొస్తుంది. పైగొంతుకి హాయిగా ఉంటుంది, అంతవరకే. ఆవిరి ఒక్కటే అక్కడికి చేరుతుంది, కాబట్టి ఉత్త నీళ్ళ ఆవిరి చాలు, ఐదు నుంచి పది నిమిషాలు. వేపరబ్, కర్పూరం వద్దు, అవి ఆరబెట్టి రేపుతాయి.
అసలు శత్రువు ఆ గొంతు సవరింపు. ఉండ అడ్డుపడ్డట్టుండటం వాపు వల్ల. సవరించిన ప్రతిసారీ తంత్రులు గట్టిగా రాసుకుని ఇంకా వాస్తాయి, ఇంకా ఉండలా అనిపిస్తుంది. సవరించాలనిపించగానే ఒక గుటక నీళ్ళు, లేకపోతే ఉమ్మి మింగి, నోరు మూసుకుని మెత్తగా "మ్" అనమనండి. సీసా పక్కనే ఉండాలి. నాలుగైదు రోజులకి ఆ దురద తగ్గుతుంది.
తర్వాత స్ట్రా సాధన. గ్లాసులో సగం నీళ్ళు, స్ట్రా కొస నీళ్ళలో రెండు మూడు సెంటీమీటర్లు మునగాలి. పెదాలు బిగించి, స్ట్రాలోకి "ఊ" అంటూ బుడగలు తేవాలి. బుడగలు ఆగకుండా సమంగా రావాలి. గుప్పుగుప్పున వస్తే ఎక్కువ ఊదుతున్నట్టు, ఆగి ఆగి వస్తే గొంతు బిగిసినట్టు. మొదట ఒకే స్వరం, తర్వాత మంద్రం నుంచి మధ్యకి జారుడు. ఒక్కోసారి ఒకటి రెండు నిమిషాలు, రోజుకి అయిదారు సార్లు. తారస్థాయి జోలికి ఇప్పుడే వెళ్ళకూడదు.

యార్డు_తేజ
స్టేజీ వాళ్ళు మిరియాలు, పటికబెల్లం బుగ్గన పెట్టుకుంటారు కదా. అది పనిచేస్తుందా?

స్వరచికిత్స_లబ్బీపేట
పటికబెల్లం వల్ల ఉమ్మి ఊరుతుంది, మింగుతూ ఉంటారు, సవరించడం తగ్గుతుంది. ఆ మేరకి మంచిదే. ఈయనకి షుగర్ ఉంది కాబట్టి అదీ వద్దు, నీళ్ళే. మిరియాలు మంట పుట్టించి గొంతు తెరుచుకున్నట్టు భ్రమ కలిగిస్తాయి. ఆసిడ్ ఉన్న మనిషికి అసలు మంచిది కాదు.

ఈఎన్టీ_సూర్యారావుపేట
సాధన అంతా సరే, నేను మళ్ళీ చెప్పేది ఒక్కటే, ముందు కెమెరాతో చూడనివ్వండి. బొంగురు మూడు వారాలు దాటితే ఎవరైనా చూపించుకోవాలి. గొంతు మీద బతికేవాళ్ళు అంతదాకా ఆగకూడదు. ముక్కులో మత్తు స్ప్రే కొట్టి సన్నటి గొట్టం దింపుతాం, రెండు మూడు నిమిషాల పని. ఆ తర్వాత గంటసేపు ఏమీ తినకూడదు, తాగకూడదు, గొంతు మొద్దుబారి ఉంటుంది కాబట్టి పొలమారుతుంది. పాడేవాళ్ళకి స్ట్రోబోస్కోపీ (వెలిగి ఆరే లైటుతో తంత్రుల్ని చూసే పరీక్ష) ఉన్నచోట చేయిస్తే మంచిది. తంత్రుల అంచు అల ఎలా కదులుతుందో మామూలు లైట్లో కనపడదు.
ముఖ్యంగా చూడాల్సింది రక్తం గూడు కట్టిందేమో. ఆయన డైక్లోఫెనాక్ మీద ఉన్నారు, అది రక్తం గడ్డకట్టే గుణాన్ని కొంచెం తగ్గిస్తుంది. అలాంటప్పుడు బలంగా దగ్గినా, అరిచినా తంత్రిలో సన్న నాళం చిట్లొచ్చు. గొంతు ఒక్క క్షణంలో పోయిందా, నెమ్మదిగా బొంగురుపోయిందా అడగండి. ఒక్క క్షణంలో పోయిందంటే సాధన, స్ట్రా అన్నీ ఆపి సుమారు వారం పూర్తి మౌనం, ఆ రోజే డాక్టరు దగ్గరికి.

హార్మోనియం_బ్రాడీపేట
నెమ్మదిగానే. మూడో రోజుకి గరగర, నాలుగో రోజుకి బొంగురు అంటున్నారు. పొద్దున లేవగానే ఎక్కువ, మధ్యాహ్నానికి కొంత మెరుగు, రాత్రి రిహార్సల్ అయ్యేసరికి మళ్ళీ మామూలే.

ఈఎన్టీ_సూర్యారావుపేట
పొద్దున ఎక్కువంటే రాత్రి పడుకున్నప్పుడు ఆసిడ్ పైకొస్తోంది.

స్వరచికిత్స_లబ్బీపేట
రాత్రి మళ్ళీ పోతోందంటే వాడకం తప్పు. రెండూ ఉన్నాయి, ఇద్దరం గెలిచాం.

ఈఎన్టీ_సూర్యారావుపేట
సరే, పంచుకుందాం. ఆసిడ్ వాటాకి నా వంతు చెప్తా. ఆ రాసిన పాంటొప్రజోల్ వాడాలా, ఎన్నాళ్ళు అన్నది ఆయన డాక్టరుని అడగండి. వాడితే పరగడుపున, టిఫినుకి అరగంట ముందు. తిన్నాక వేసుకుంటే సగం వృథా. గొంతు వాపు తగ్గడానికి వారాలు పడుతుంది, రెండు మూడు నెలలు కూడా. రెండు రోజుల్లో తగ్గలేదని మానెయ్యకండి. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తండి. దిండ్లు పేరిస్తే నడుం దగ్గర మడతపడి పొట్ట నొక్కుకుంటుంది, ఆయనకి నడుం నొప్పి కూడా.
నాటకాల వాళ్ళతో అసలు చిక్కు వేళలే. మేకప్‌కి కూర్చునే ముందు పదింటికి కడుపునిండా భోజనం, పదకొండుకి తెర, దట్టీ బిగించి పొట్టలోంచి పద్యం. నిండు కడుపుని నడుంపట్టీతో నొక్కి, పైనుంచి డయాఫ్రంతో తోస్తే లోపలిది ఎక్కడికి పోతుంది? ఏడింటికల్లా కొద్దిగా తినేసి, మధ్యలో ఆకలేస్తే ఇడ్లీ, అరటిపండు లాంటివి. తెల్లారి పడుకోబోయే ముందు టీ, బజ్జీ వద్దు. దట్టీ ఒక వేలు దూరేంత వదులుగా.

పటమట_లెక్కలు
ఇంతకీ కోటప్పకొండ ఎక్కాలా, వద్దా? అది ఎవరూ చెప్పలేదు.

స్వరచికిత్స_లబ్బీపేట
కెమెరాలో రక్తం, గడ్డ ఏమీ లేవంటే చెప్తున్నా. మొదటి వారం అవసరమైన మాటలు, స్ట్రా, అంతే. రెండో వారం మధ్యస్థాయిలో మూసిన నోటితో రాగం, పది నిమిషాలకి మించకుండా. పాడిన గంట తర్వాత గొంతు పాడకముందు ఎలా ఉందో అలానే ఉంటే ఇంకో అయిదు నిమిషాలు పెంచండి. నొప్పి, గరగర వస్తే వెనక్కి. మూడో వారం పద్యం, హార్మోనియం మీద రెండు మెట్లు దించిన శ్రుతిలో. చివర్లో రాగం సాగదీసే ఆలాపన ఇప్పుడొద్దు, గొంతు విరిగేది అక్కడే. ఇవన్నీ నిలబడ్డాకే తారస్థాయి.
శివరాత్రికి అయిదారు వారాలుంటే చిన్న వేషం, తక్కువ పద్యాలు, మంచి మైకు ఉంటే ఒప్పుకోండి. మూడు వారాల్లోపైతే ఒప్పుకోవద్దు. వన్స్ మోర్‌లు అడిగే జనం ముందు ఏ నటుడూ గొంతు దాచుకోడు.

హార్మోనియం_బ్రాడీపేట
అదే నా భయం కూడా. ఒక్క వన్స్ మోర్ వినపడితే డాక్టరూ గుర్తుండడు, మేమూ గుర్తుండం. వేషం ఇంకొకరికి చెప్పేస్తా, ఆయన్ని సూచనలు అందించడానికి తీసుకెళ్తా.

ఈఎన్టీ_సూర్యారావుపేట
తెర వెనకనుంచి గుసగుసగా అందించడానికా? అది ఇంకా చేటు. హార్మోనియం పక్కన కూర్చోబెట్టండి.

కొత్తగా_వచ్చా_తాడేపల్లి
మొత్తం చదివాను. మా పెదనాన్నకి వారానికి మూడు డయాలసిస్‌లు. మొన్నటినుంచి ఎక్కిళ్ళు. తెలిసిన షాపులో అడిగితే బాక్లోఫెన్ 10 ఎంజీ రోజుకి మూడు వెయ్యమని ఇచ్చారు. వెయ్యొచ్చా?

మందులచీటీ_కొత్తపేట
వెయ్యకండి. ఇప్పటికే వేసుంటే ఎన్ని వేశారో రాసుకుని డయాలసిస్ సెంటరుకి ఇప్పుడే ఫోన్ చెయ్యండి.
బాక్లోఫెన్ ఎక్కిళ్ళకి మంచి మందే. కిడ్నీలు బాగున్నవాళ్ళకి డాక్టర్లు 5 నుంచి 10 ఎంజీ రోజుకి మూడుసార్లు రాస్తారు. కానీ అది బయటికి పోయేది ఎక్కువగా మూత్రంలోనే. డయాలసిస్ మనిషిలో పేరుకుపోయి మగత, తికమక మాటలు, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది, ఒకటి రెండు మాత్రలకే అలా అయినవాళ్ళున్నారు. నెలల తరబడి వాడేవాళ్ళయితే ఉన్నట్టుండి ఆపకూడదు, ఫిట్స్ వస్తాయి. అది వేరే సంగతి.
మిగతావీ షాపులో అడిగి కొనేవి కావు. క్లోర్‌ప్రొమజైన్ పాత మందు, అమెరికాలో ఎక్కిళ్ళకంటూ అనుమతి ఉన్నది అదొక్కటే, కానీ లేచి నిలబడితే బీపీ పడిపోతుంది. డయాలసిస్ అయి వచ్చిన రోజు మరీ. మెటోక్లోప్రమైడ్‌తో కొందరికి దవడ, మెడ మెలిపడతాయి. గాబాపెంటిన్ కూడా కిడ్నీ చూసి బాగా తగ్గించి ఇవ్వాలి. వీళ్ళకి మందుకన్నా ముందు చూడాల్సింది డయాలసిస్ సరిపోతోందా, ఒకటేమైనా తప్పిందా, సోడియం, కాల్షియం ఎంతున్నాయి అని. మగతగా ఉన్నారా ఇప్పుడు? పిలిస్తే పలుకుతున్నారా?

కొత్తగా_వచ్చా_తాడేపల్లి
పొద్దున ఒకటి వేశాం. పలుకుతున్నారు గానీ మత్తుగా ఉన్నారు. మొన్న శనివారం డయాలసిస్ తప్పింది.

వార్డు_సిస్టర్_గుంటూరు
ఫోన్‌తో సరిపెట్టకండి, బయల్దేరండి. మాత్రల షీటు, పాత రిపోర్టులు తీసుకెళ్ళండి. నోటితో నీళ్ళు కూడా ఇవ్వకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. సొంత బండి లేకపోతే 108కి చెయ్యండి, మత్తుగా ఉన్న మనిషిని ఆటోలో కూర్చోబెట్టొద్దు.